‘మోర్ ఈజ్ డిఫరెంట్’ - ఫిలిప్ ఆండర్సన్ వాదం, వృత్తి జీవితం: విమర్శనాత్మక పరిశీలన

పరిశోధన సారాంశం:

సాంద్రీకృత పదార్థ భౌతికశాస్త్రంలో సైద్ధాంతికుడిగా పేరుపొందిన ఫిలిప్ వారెన్ ఆండర్సన్ 1972లో ‘సైన్స్’ పత్రికలో ‘మోర్ ఈజ్ డిఫరెంట్’ అనే చిన్న వ్యాసం ప్రచురించారు. మూల నియమాలు తెలిసినంత మాత్రాన వాటినుంచి ప్రపంచాన్ని తిరిగి నిర్మించలేమన్నది అందులోని ప్రధాన ప్రతిపాదన. ఆ ప్రతిపాదనను ఆండర్సన్ సొంత పరిశోధనల వెలుగులో పరిశీలించడం ఈ పత్రం ఉద్దేశం. 1958 నాటి స్థానీకరణ సిద్ధాంతం, 1963 నాటి ద్రవ్యరాశి గురించిన పత్రం, 1987 తరవాతి అతివాహకత్వ సిద్ధాంతం ఇందుకు ఆధారాలు. వ్యాసం చెప్పినదానికంటే ఆయన వృత్తి జీవితం చూపినది మరింత కచ్చితమైనదని, అవి రెండూ పూర్తిగా ఒకటి కావని ఈ పరిశీలన నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: ఫిలిప్ ఆండర్సన్, సాంద్రీకృత పదార్థం, సౌష్ఠవ భంగం, స్థానీకరణం, అతివాహకత్వం, లఘూకరణవాదం.

1. ఉపోద్ఘాతం:

ఒక పదార్థం ఏ పరమాణువులతో ఏర్పడిందో, ఆ పరమాణువులు ఏ నియమాలకు లోబడి ఉంటాయో తెలిస్తే ఆ పదార్థాన్ని గురించి తెలియవలసినదంతా తెలిసినట్టేనా? ఇరవయ్యో శతాబ్దపు భౌతికశాస్త్రంలో ఈ ప్రశ్నకు చాలామంది అవుననే సమాధానం చెప్పారు. క్వాంటం యాంత్రికశాస్త్రం 1920ల నడిమి కాలానికి రూపుదిద్దుకుంది. రసాయనశాస్త్రానికి, ఘనపదార్థాల శాస్త్రానికి కావలసిన సమీకరణాలన్నీ చేతికి వచ్చినట్టేనని, మిగిలింది లెక్కకట్టడమేనని అప్పట్లో ఒక అభిప్రాయం ఏర్పడింది. ఆ అభిప్రాయం ప్రకారం కొత్త నియమాలను వెతికేది కణభౌతికశాస్త్రం. మిగిలిన శాస్త్రాలన్నీ దానికి అనువర్తనాలు మాత్రమే.

ఈ దృష్టిని ప్రశ్నిస్తూ వచ్చిన రచనల్లో ఆండర్సన్ వ్యాసం ముఖ్యమైనది. 1967లో కాలిఫోర్నియాలోని లా హోయాలో ఇచ్చిన ఉపన్యాసం దీనికి ఆధారం. 1972 ఆగస్టు సంచికలో అచ్చయిన ఈ రచన నాలుగు పుటలకు మించదు. అయినా జీవశాస్త్రం, నాడీశాస్త్రం, ఆర్థికశాస్త్రం, తత్త్వశాస్త్రం వంటి రంగాలవారు దీన్ని తమ వాదాలకు ప్రమాణంగా స్వీకరించారు. ఇంత విస్తృతంగా ఉదహరించే రచనలో నిరూపితమైనది ఎంత, ప్రతిపాదనగా మిగిలినది ఎంత అన్నది వేరుచేసి చూడటం అవసరం.

2. పేరు, పరిభాష:

డిగ్రీ స్థాయి తెలుగు పాఠ్యగ్రంథాల్లో స్థిరపడిన పేరు ‘ఘనస్థితి భౌతికశాస్త్రం’. ద్రవ హీలియం వంటివాటికి ఆ పేరు చాలదు. 1967లో కేంబ్రిడ్జిలో ఆండర్సన్, ఫోల్కర్ హైనె తమ పరిశోధక బృందం పేరులో ‘సాలిడ్ స్టేట్’ అన్న మాటను తీసి ‘కండెన్స్‌డ్ మ్యాటర్’ అన్న మాటను చేర్చారు. అసంఖ్యాకమైన కణాలు దగ్గరగా చేరి పరస్పరం ప్రభావితం చేసుకునే ఏ వ్యవస్థనైనా ఆ పేరు కలుపుకొంటుంది. ఇక్కడ దాన్ని ‘సాంద్రీకృత పదార్థం’ అని వ్యవహరించడం జరిగింది.

వ్యాస శీర్షికను తెలుగులోకి తేవడం అంత సులువు కాదు. ‘ఎక్కువైతే వేరు’ అంటే శీర్షికలోని క్లుప్తత దక్కుతుంది కాని, ఏది ఎక్కువైతే ఏది వేరవుతుందన్న ప్రశ్న మిగులుతుంది. ‘పరిమాణం పెరిగితే స్వభావం మారుతుంది’ అంటే అర్థం స్పష్టమవుతుంది కాని, అది ఒక సిద్ధాంత సూత్రంలా వినిపిస్తుంది. మూలంలోని శీర్షిక మాత్రం సగం పరిహాసం, సగం సవాలు. ధనికులకూ మిగతావారికీ భేదమేమిటన్న విషయమై ఫిట్జెరాల్డ్, హెమింగ్వేల మధ్య జరిగినట్టు చెప్పుకునే ఒక సంభాషణతో వ్యాసం ముగుస్తుంది. ధనికులు వేరని ఒకరంటే, వారి దగ్గర ఉన్నది ఎక్కువ డబ్బేనని మరొకరి జవాబు. ఆండర్సన్ మొగ్గు మొదటి మాటవైపే అని శీర్షికే చెబుతుంది.

3. జీవిత నేపథ్యం:

ఆండర్సన్ 1923 డిసెంబర్ 13న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో జన్మించారు. తండ్రి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొక్కల వ్యాధులను బోధించే ఆచార్యుడు కావడంతో బాల్యం అర్బానా పట్టణంలో గడిచింది. హార్వర్డ్‌లో చదువు, యుద్ధకాలంలో నౌకాదళ పరిశోధనాలయంలో పని, తిరిగి హార్వర్డ్‌లో జాన్ వాన్ వ్లెక్ పర్యవేక్షణలో పరిశోధన - 1949 నాటికి ఇవి పూర్తయ్యాయి. అదే సంవత్సరం బెల్ ప్రయోగశాలల్లో చేరి 1984 వరకు అక్కడే కొనసాగారు. 1967 నుంచి 1975 వరకు కేంబ్రిడ్జిలో, ఆ తరవాత ప్రిన్స్‌టన్‌లో బోధన కూడా సాగింది. 1977లో వాన్ వ్లెక్, నెవిల్ మాట్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. 2020 మార్చి 29న ప్రిన్స్‌టన్‌లో మరణించారు.

ఈ వివరాల్లో ప్రస్తుత చర్చకు ముఖ్యమైనది బెల్ ప్రయోగశాలల వాతావరణం. అది టెలిఫోన్ సంస్థకు చెందిన పరిశోధనాలయం. ట్రాన్సిస్టర్ అక్కడే పుట్టింది. అక్కడ సైద్ధాంతికుడి పక్క గదిలో స్ఫటికాలను పెంచేవారు, వాటికి మాలిన్యాలను కలిపి కొలిచేవారు ఉండేవారు. ఆండర్సన్ ప్రసిద్ధ సిద్ధాంతాల్లో చాలావాటికి మొదలు అటువంటి పొరుగువారి కొలతల్లోనే ఉంది.

4. వ్యాసంలోని వాదం:

ఆండర్సన్ రెండు పరికల్పనలను వేరుచేస్తారు. మొదటిది లఘూకరణ పరికల్పన: జీవం, మనస్సుతో సహా సమస్తమూ కొన్ని మూల నియమాలకు లోబడి ఉంటుందన్నది. దీన్ని ఆయన సందేహం లేకుండా అంగీకరిస్తారు. రెండవది పునర్నిర్మాణ పరికల్పన: ఆ మూల నియమాలనుంచి బయలుదేరి విశ్వాన్ని తిరిగి కట్టగలమన్నది. దీన్ని ఆయన నిరాకరిస్తారు. మొదటిది ఒప్పుకుంటే రెండవది దానంతటదే వస్తుందని భావించడమే పొరపాటు అన్నది వ్యాసం పట్టు.

నిరాకరణకు ఆయన చూపిన కారణం సౌష్ఠవ భంగం. దీన్ని వివరించడానికి ఎంచుకున్న ఉదాహరణ అమోనియా అణువు. రసాయనశాస్త్రజ్ఞులు దాన్ని మూడు హైడ్రోజన్‌లు అడుగున, నైట్రోజన్ కొన వద్ద ఉన్న పిరమిడ్‌గా చిత్రిస్తారు. అటువంటి ఆకృతికి విద్యుత్ ద్విధ్రువ భ్రామకం ఉండాలి. క్వాంటం నియమాల ప్రకారం మాత్రం స్థిరస్థితిలో ఉన్న వ్యవస్థకు అది ఉండకూడదు. అమోనియా విషయంలో ఈ వైరుధ్యం సులభంగానే తీరుతుంది. నైట్రోజన్ సెకనుకు దాదాపు 3000 కోట్ల సార్లు ఒక వైపునుంచి మరో వైపుకు మారుతూ ఉంటుంది. నిజమైన స్థిరస్థితి ఆ రెండు పిరమిడ్‌ల సమ మిశ్రమం.

అణువు బరువెక్కే కొద్దీ ఈ మార్పిడి మందగిస్తుంది. హైడ్రోజన్ ఫాస్ఫైడ్‌లో అది పదో వంతుకు పడిపోతుందని వ్యాసం చెబుతుంది. ఫాస్ఫరస్ ట్రైఫ్లోరైడ్‌లో కొలవదగిన స్థాయిలో కనిపించదు. దాదాపు 40 పరమాణువులున్న చక్కెర అణువు విషయంలో ఆ మాటే ఎత్తనక్కరలేదు. జీవులు తయారుచేసే చక్కెర ఎప్పుడూ ఒకే చేతివాటంతో ఉంటుంది. కుడి ఎడమల భేదం చూపని నియమం రద్దుకాలేదు. ఆ నియమానికి లోబడిన వ్యవస్థే సౌష్ఠవాన్ని కోల్పోయింది. కణాల సంఖ్య అనంతంవైపు సాగినప్పుడు ఈ భేదం పూర్తి గుణాత్మకమవుతుందని, స్ఫటికం, అయస్కాంతం, అతివాహకం దానికి సాక్ష్యాలని ఆండర్సన్ వాదన.

ఈ ఉదాహరణ ఎంపికలో ఆత్మకథాంశం ఉంది. వర్ణపట రేఖలు పీడనంవల్ల వెడల్పు కావడం ఆండర్సన్ పరిశోధక సిద్ధాంత గ్రంథ విషయం. ఆ రోజుల్లో అమోనియా ప్రతి పరిశోధకుడూ తన సిద్ధాంతాన్నో పరికరాన్నో సరిచూసుకునే అణువు. తరగతిలో విన్న నియమానికీ పుస్తకంలో చూసిన పిరమిడ్‌కూ పొత్తు కుదరక విద్యార్థిగా కలవరపడిన విషయాన్ని ఆయన వ్యాసంలో దాచలేదు. అందువల్ల ఈ భాగం తాత్త్విక ప్రవచనంలా కాక, ఒక సందేహం ఎలా తీరిందో చెప్పే కథనంలా సాగుతుంది. వ్యాసంలో అత్యంత బలమైన భాగం ఇదే.

బలహీనత ఆ తరవాత మొదలవుతుంది. ఆండర్సన్ శాస్త్రాలను మెట్లుగా అమర్చిన ఒక పట్టిక ఇస్తారు. కణభౌతికశాస్త్రం మీద బహుకణ భౌతికశాస్త్రం, దానిపై రసాయనశాస్త్రం, దానిపై అణుజీవశాస్త్రం. ఇలా మనోవిజ్ఞానం, సామాజికశాస్త్రాల వరకు. ఏ మెట్టూ కింది మెట్టుకు అనువర్తనం మాత్రమే కాదన్నది ప్రతిపాదన. భౌతికశాస్త్రం పరిధిలో దీనికి సౌష్ఠవ భంగం అనే నిర్దిష్టమైన కారణం చూపారు. పై మెట్లకు అటువంటి కారణం ఏదీ వ్యాసంలో లేదు. మనోవిజ్ఞానంనుంచి సామాజికశాస్త్రానికి వెళ్లేటప్పుడు ఏ సౌష్ఠవం భంగమవుతుందో చెప్పలేదు. అక్కడ మిగిలేది సాదృశ్యమే. ఇతర రంగాలవారు ఎక్కువగా ఉదహరించేది మాత్రం ఈ భాగాన్నే. ఆ చర్చల్లో తరచు వినిపించే ‘ఎమర్జెన్స్’ అన్న మాట వ్యాసంలో ఎక్కడా లేకపోవడం గమనార్హం.

5. స్థానీకరణం: వ్యాసానికి ముందున్న నిదర్శనం:

పునర్నిర్మాణం సాధ్యం కాదన్న మాటకు రెండు అర్థాలు ఉండవచ్చు. సూత్రప్రాయంగానే అసాధ్యమని ఒకటి. ఆచరణలో ఎవరూ చేయలేరని మరొకటి. వ్యాసం ఈ రెండింటినీ స్పష్టంగా విడదీయదు. ఏది సరైనదో తేల్చడానికి ఆండర్సన్ 1958 పత్రం తోడ్పడుతుంది.

అంతకు ముందు వరకు లోహంలోని మాలిన్యాలు ఎలక్ట్రాన్ మార్గానికి అడ్డంకులని, వాటివల్ల ఎలక్ట్రాన్ దారి మళ్లుతూ నెమ్మదిగానైనా అంతటా విసరణం చెందుతుందని భావించేవారు. బెల్ ప్రయోగశాలల్లో జార్జ్ ఫెహర్ ఫాస్ఫరస్ కలిపిన సిలికాన్‌పై చేసిన ప్రయోగాలు దీనికి భిన్నమైన సూచన ఇచ్చాయి. ఎలక్ట్రాన్‌లు తమ చోటును వదలనట్టు కనిపించాయి. ఆండర్సన్ ఒక సరళమైన నమూనా తీసుకున్నారు. క్రమమైన జాలకంలో ఒక్కో చోట శక్తి విలువ ఒక్కో విధంగా, ఏ క్రమమూ లేకుండా ఉంటుంది. ఈ క్రమరాహిత్యం ఒక హద్దు దాటితే తరంగం వ్యాపించదు, ఒక ప్రాంతంలోనే చిక్కుకొని ఉండిపోతుందని ఆయన చూపారు. ఫలితంగా ఎలక్ట్రాన్‌లు ఉండి కూడా పదార్థం విద్యుత్తును ప్రసరింపజేయదు.

ఈ పత్రాన్ని తొలి సంవత్సరాల్లో నమ్మినవారు తక్కువ, దాని ప్రాముఖ్యాన్ని గ్రహించినవారు ఇంకా తక్కువ. ఆ గ్రహించనివారిలో తాను కూడా ఉన్నానని ఆండర్సన్ నోబెల్ ఉపన్యాసంలో ఒప్పుకున్నారు. దాన్ని పట్టించుకొని ముందుకు తీసుకువెళ్లినవారిలో ముఖ్యులు మాట్. 1979లో ఎలిహు ఏబ్రహామ్స్, డొనాల్డ్ లిచ్చియార్‌డెల్లో, భారతీయ శాస్త్రవేత్త టి.వి. రామకృష్ణన్‌లతో కలిసి ఆండర్సన్ ఈ సమస్యను తిరిగి చేపట్టారు. ఎలక్ట్రాన్‌ల పరస్పర చర్యను పక్కనపెడితే, రెండు పరిమాణాల వ్యవస్థలో ఏ కొద్ది క్రమరాహిత్యమైనా చివరకు స్థానీకరణానికే దారితీస్తుందని ఆ నలుగురి పత్రం వాదించింది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. స్థానీకరణం ష్రోడింగర్ సమీకరణంనుంచే రాబట్టిన ఫలితం. కొత్త మూల నియమం ఏదీ అందులో లేదు. అంటే మూల నియమాలనుంచి పై స్థాయి లక్షణాన్ని రాబట్టడం అసాధ్యం కాదని ఆండర్సన్ స్వయంగా నిరూపించారు. సమీకరణం తెలిసి మూడు దశాబ్దాలు గడిచినా ఆ ఫలితం ఎవరికీ తట్టకపోవడానికి కారణం లెక్క కష్టం కావడం ఒక్కటే కాదు. అడగవలసిన ప్రశ్న తెలియకపోవడం. ఆ ప్రశ్న సిలికాన్ ముక్కనుంచి వచ్చింది.

వ్యాసంలో పేర్కొన్న అతివాహకత్వ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1911లో కామర్లింగ్ ఓన్నెస్ ఆ ధర్మాన్ని కనుగొన్నారు. 1920లలో సమీకరణాలు సిద్ధమయ్యాయి. బార్డీన్, కూపర్, ష్రీఫర్‌ల వివరణ 1957కు గాని రాలేదు. ఈ మధ్యలో 1950లో ఐసోటోప్ ప్రభావం కనబడి, జాలక కంపనాలవైపు చూడాలని సూచించింది. కాబట్టి ఆండర్సన్ జీవితానుభవంనుంచి తీయదగిన సూత్రం ఇది: జవాబు కింది స్థాయి నియమాలకు లోబడే ఉంటుంది, ప్రశ్న మాత్రం పై స్థాయిలోనే పుడుతుంది. వ్యాసంలోని నిరాకరణకంటే ఇది చిన్న ప్రతిపాదన. దీనికి రుజువులు మాత్రం ఎక్కువ.

6. కణభౌతికశాస్త్రంతో వివాదం:

శాస్త్రాల అంతస్తుల గురించిన ఈ చర్చ కేవలం తాత్త్వికమైనది కాదు. దాని వెనుక నిధుల ప్రశ్న, గౌరవం ప్రశ్న ఉన్నాయి. అమెరికా ప్రభుత్వం టెక్సాస్‌లో తలపెట్టిన సూపర్‌కండక్టింగ్ సూపర్ కొలైడర్ యంత్రాన్ని ఆండర్సన్ బాహాటంగా వ్యతిరేకించి, ఆ దేశ చట్టసభ సంఘాల ముందు సాక్ష్యం ఇచ్చారు. ఆ పరిశోధన విలువైనదే అయినా ఇతర భౌతికశాస్త్ర శాఖలకంటే మౌలికమైనదని చెప్పి అంత ధనం కోరడం న్యాయం కాదన్నది ఆయన వాదన. స్టీవెన్ వైన్‌బర్గ్ దీనికి ఎదురు నిలిచారు. వివరణకోసం ‘ఎందుకు’ అని అడుగుతూ పోతే ప్రశ్నలన్నీ కిందికే, కణాలవైపే దారితీస్తాయని ఆయన వాదం. 1992లో వెలువడిన ‘డ్రీమ్స్ ఆఫ్ ఎ ఫైనల్ థియరీ’ గ్రంథంలో ఆయన దీన్ని విస్తరించారు. ఖర్చు అంచనా 1100 కోట్ల డాలర్లకు చేరి, దాదాపు 200 కోట్లు వెచ్చించాక, 1993లో ఆ పథకం రద్దయింది. ఖర్చు పెరుగుదల, నిర్వహణ లోపాలు, రాజకీయ పరిస్థితులు అందుకు కారణాలు కావడంతో, ఆ రద్దును ఆండర్సన్ వాదానికి విజయంగా లెక్కించడం సరికాదు.

ఈ వివాదంలో తరచు మరుగున పడే విషయం ఆండర్సన్ 1963 పత్రం. అతివాహకం లోపల విద్యుదయస్కాంత క్షేత్రం ద్రవ్యరాశి ఉన్నదానిలా ప్రవర్తిస్తుందని, కణభౌతికశాస్త్రంలో ద్రవ్యరాశి సమస్యకు ఇదే మార్గం కావచ్చునని అందులో సూచించారు. 1964లో పీటర్ హిగ్స్, ఫ్రాన్‌స్వా ఆంగ్లేర్, రాబర్ట్ బ్రౌట్ మొదలైనవారు సాపేక్ష సిద్ధాంతానికి అనుగుణమైన రూపంలో ఆ ఆలోచనను స్థాపించారు. ఆండర్సన్ ఇచ్చింది పూర్తి నిరూపణ కాదు. దారి చూపే సాదృశ్యం. ఆ శాఖలో అత్యంత ప్రసిద్ధమైన భావాల్లో ఒకటి చల్లబరచిన లోహపు ముక్కను గురించిన ఆలోచననుంచి దారి తీసుకోవడం, ‘మౌలికం’ అన్న మాట ఒకే శాఖకు చెందదనడానికి వ్యాసంలోని పట్టికకంటే గట్టి సాక్ష్యం. అయితే అది వ్యాసం చెప్పని మరో సంగతిని కూడా చూపుతుంది. మెట్ల మధ్య భేదం ఎంత నిజమో, ఒకే గణిత నిర్మాణం రెండు మెట్లపైనా పనిచేయడం అంతే నిజం. ‘అధికం భిన్నం’ అన్న సూత్రంలో ఈ సామ్యానికి చోటు లేదు.

7. రాగి ఆక్సైడ్‌లు: సూత్రానికి పరీక్ష:

1986లో బెడ్నార్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్ సమ్మేళనాల్లో అంతవరకు ఊహించని ఉష్ణోగ్రతల వద్ద అతివాహకత్వాన్ని కనుగొన్నారు. 1987 ఆరంభంలోనే ఆండర్సన్ ‘సైన్స్’ పత్రికలో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ఎలక్ట్రాన్ స్పిన్‌లు ఏ అయస్కాంత క్రమంలోనూ స్థిరపడక, జంటలుగా చేరి, ఆ జంటలు నిరంతరం మారుతూ ఉండే స్థితి దీనికి మూలమన్నారు. 1973లో తానే వేరే సందర్భంలో ప్రతిపాదించిన భావం అది. గణపతి భాస్కరన్ వంటి సహచరులతో కలిసి దాన్ని విస్తరించారు.

రాగి ఆక్సైడ్‌లలో ఎలక్ట్రాన్‌ల మధ్య బలమైన వికర్షణను వదిలి ఏ వివరణా సాగదని తొలినాళ్లలోనే పట్టుబట్టడం ఆయన దూరదృష్టి. సమస్య ఆ తరవాతి పట్టుదలలో ఉంది. 1990లలో ఆయన పొరల మధ్య ఎలక్ట్రాన్ జంటల గమనమే ప్రధాన కారణమని మరో సిద్ధాంతం నిలబెట్టారు, ఇతర ప్రతిపాదనలను తీవ్రంగా విమర్శించారు. 1998లో థాలియం ఉన్న ఒక సమ్మేళనంపై జరిగిన కొలతలు ఆ సిద్ధాంతం కోరిన విలువకు చాలా దూరంగా వచ్చాయి. ఆండర్సన్ దాన్ని విడిచిపెట్టారు. 2004లో మోహిత్ రందేరియా, నందిని త్రివేది తదితరులతో కలిసి రాసిన పత్రంలో తిరిగి 1987 నాటి భావాన్ని సరళమైన రూపంలో సమర్థించారు. ఈ పదార్థాల్లో అతివాహకత్వానికి అందరూ అంగీకరించిన వివరణ నేటికీ లేదు.

కొలతలకు తలవంచి ఒక సిద్ధాంతాన్ని వదులుకోవడం శాస్త్రవేత్త నిజాయితీకి గుర్తు. అయినా ఈ ఘట్టం 1972 వ్యాసంపై ఒక ప్రశ్న లేవనెత్తుతుంది. ప్రతి స్థాయికీ, ప్రతి పదార్థ కుటుంబానికీ తనదైన స్వభావం ఉంటుందని చెప్పిన రచయిత, తొలి నెలల్లోనే ఒక ప్రధాన భావాన్ని ఎంచుకొని పదార్థాల వైవిధ్యాన్ని దాని కిందికి తేవడానికి ప్రయత్నించారు. 1958లో కొలత ముందు నడిచింది, సిద్ధాంతం దాన్ని అనుసరించింది. 1987 తరవాత సిద్ధాంతం ముందు నడిచింది. లఘూకరణవాదం కిందినుంచి మాత్రమే రాదు; పై మెట్టుమీద నిలిచిన సూత్రం కూడా అదే పని చేయగలదు. ఈ ప్రమాదాన్ని వ్యాసం ఊహించలేదు.

8. ముగింపు:

‘మోర్ ఈజ్ డిఫరెంట్’ వ్యాసంలో నిరూపితమైనది, ప్రతిపాదితమైనది కలిసి ఉన్నాయి. అమోనియానుంచి చక్కెర వరకు, అక్కడినుంచి స్ఫటికం వరకు సాగిన వాదం నిలుస్తుంది. సామాజికశాస్త్రాల వరకు పొడిగించిన పట్టిక సూచనగా మాత్రమే విలువైనది. దాన్ని ప్రమాణంగా ఉదహరించేవారు తమ రంగంలో ఆ మార్పుకు కారణమేమిటో తామే చూపవలసి ఉంటుంది. పునర్నిర్మాణం అసాధ్యమన్న తీర్పును ఆండర్సన్ సొంత పరిశోధనే కొంత సవరిస్తుంది. రాబట్టడం సాధ్యమే, ఏది రాబట్టాలో పదార్థాన్ని చూడనిదే తెలియదు.

ఈ సవరణవల్ల వ్యాసం విలువ తగ్గదు. సమీకరణం చేతిలో ఉండటమే జ్ఞానానికి ముగింపు కాదని ఒక తరం పరిశోధకులకు చెప్పి, లోహాలను, అయస్కాంతాలను, గాజును పరిశీలించేవారి పని రెండో తరగతిది కాదన్న ధైర్యం ఇచ్చిన రచన అది. అందులోని సూత్రాన్ని ఒంటరిగా కాక, ఫెహర్ సిలికాన్, 1963 పత్రం, రాగి ఆక్సైడ్‌ల పక్కన పెట్టి చదివినప్పుడు దాని బలమూ పరిమితీ రెండూ తెలుస్తాయి.